రిహార్సళ్లు కూడా వినాలంటే టెంటు వేయాల్సిందే: శాంటా క్రూజ్ కబ్రియో ఉత్సవానికి ఎలా వెళ్లాలి

బే ఏరియాలో మనవాళ్లకి శాంటా క్రూజ్ అంటే బోర్డువాక్, పిల్లల చెప్పుల్లో ఇసుక, సాయంత్రం 17వ నంబరు హైవే మీద ట్రాఫిక్కు. ఇండియా నుంచి పెద్దవాళ్లు వస్తే ఒక ఆదివారం చూపించి తీసుకొచ్చేస్తాం, అంతటితో ఆ ఊరు అయిపోయినట్టే. అదే ఊళ్లో ఏటా జూలై ఆఖర్లో మొదలై ఆగస్టులోకి సాగే కబ్రియో ఫెస్టివల్ ఆఫ్ కాంటెంపరరీ మ్యూజిక్ అనే ఆర్కెస్ట్రా ఉత్సవం ఒకటుంది. సనీవేల్ నుంచి గంట దూరం. అయినా అక్కడ నాకు తెలుగు మాట వినపడటం అరుదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఈ ఉత్సవంలో బీథోవెన్, మొజార్ట్ దొరకరు. దాదాపు అంతా బతికున్న స్వరకర్తల సంగీతమే. చాలా రచనలు ఈ మధ్యనే రాసినవి, కొన్ని అక్కడే మొదటిసారి వాయించేవి. అంటే ముందుగా యూట్యూబ్‌లో విని సిద్ధపడి వెళ్దామంటే కుదరదు, అసలు రికార్డింగే ఉండదు. ఒక్క శనివారం సాయంత్రం కారేసుకుని వెళ్లి, టికెట్టు కొని, ఎన్నడూ విననిది ఒక్కసారి విని వచ్చేస్తే మిగిలేది తలనొప్పే. "ఏంటో, పెద్ద శబ్దం చేశారు" అంటూ తిరిగొచ్చినవాళ్లు నాకు తెలుసు. వాళ్ల తప్పేం లేదు.

దీనికి మందు ఉత్సవంవాళ్లే పెట్టారు. ఆర్కెస్ట్రా రిహార్సళ్లు చాలావరకు అందరికీ తెరిచి ఉంచుతారు, ఉచితంగా. వారం మధ్యలో రిహార్సళ్లు, వారాంతంలో కచేరీలు. బుధవారం నుంచి ఆదివారం దాకా అక్కడే ఉంటే ఒకే రచనని రెండు మూడుసార్లు వినొచ్చు, అదీ విప్పి మళ్లీ కుట్టడం చూస్తూ. ఆగస్టులో సముద్రం ఒడ్డున హోటల్ గది నాలుగు రాత్రులకి తీసుకుంటే ఎంతవుతుందో చూస్తే సంగీతం మీద ప్రేమ సగం చల్లారుతుంది. టెంటు మాట అక్కడే వస్తుంది.

చోటు దొరకబుచ్చుకోవడం

నా ఓటు న్యూ బ్రైటన్ స్టేట్ బీచ్‌కి. కపిటోలా పక్కన, సముద్రానికి పైన గట్టు మీద చెట్ల మధ్య ఉంటుంది క్యాంపు. మెట్లు, బాట దిగితే ఇసుక. కచేరీలు జరిగే హాలు అక్కడి నుంచి కారులో ఐదారు మైళ్లు. ఇలాంటివే ఇంకో రెండు చోట్లున్నాయి. మన్రీసా అప్‌లాండ్స్‌లో కారు దగ్గర్నుంచి సామాను మోసుకెళ్లి టెంటు వేసుకోవాలి, మోకాళ్ల నొప్పులవాళ్లతో కష్టం. వాట్సన్‌విల్ వైపు సన్‌సెట్ స్టేట్ బీచ్ చాలా ప్రశాంతంగా ఉంటుంది గానీ శాంటా క్రూజ్‌కి 16 మైళ్లు. రాత్రి కచేరీ అయ్యాక ఆ దూరం, ఆ చీకటి, ఆ మంచు నాకు నచ్చవు. సంగీతం కోసం కాకుండా ఊరికే సముద్రం కోసం వెళ్తే సన్‌సెటే మేలు.

బుకింగ్ 'రిజర్వ్ కాలిఫోర్నియా' వెబ్‌సైట్లో. మీరు చేరే తేదీకి సరిగ్గా ఆరు నెలల ముందు, ఉదయం 8 గంటలకి కిటికీ తెరుచుకుంటుంది. ఆగస్టు 5న వెళ్లాలంటే ఫిబ్రవరి 5న ఉదయం, 7.50కే లాగిన్ అయ్యి, కార్డు వివరాలు ముందే పెట్టుకుని కూర్చోవాలి. తత్కాల్ టికెట్టు తీసిన చేతులకి ఇదేం కొత్త కాదు. ఇద్దరు రెండు ల్యాప్‌టాప్‌ల ముందు కూర్చుంటే ఇంకా మంచిది. ఒకరు గట్టు అంచున ఉన్న సైట్ల (టెంటు వేసే చోట్ల) మీద పడాలి, ఇంకొకరు ఏది దొరికితే అది. ఉత్సవం తేదీలు చూసుకుని క్యాంపు బుక్ చేసేయండి. ఏ రోజు ఏం వాయిస్తారన్న వివరాల కోసం ఆగితే సైట్లు మిగలవు.

దొరక్కపోతే దిగులు పడొద్దు. చాలామంది ఆరు నెలల ముందు ఆశగా కొని, దగ్గర పడ్డాక వదిలేస్తారు. జూలైలో రోజూ పొద్దున కాఫీ తాగుతూ ఒకసారి చూస్తూ ఉండండి. వారాంతం కంటే వారం మధ్య రోజులు త్వరగా దొరుకుతాయి, మనక్కావలసినవీ అవే.

సైటు అద్దె రాత్రికింత అని ఉంటుంది, రెండో కారుంటే దానికి విడిగా కట్టాలి. ఒక సైట్లో ఎనిమిది మంది దాకా ఉండొచ్చు కాబట్టి రెండు కుటుంబాలు కలిస్తే ఖర్చు ఏమీ అనిపించదు. మధ్యాహ్నం 2కి చెక్-ఇన్, మర్నాడో ఆ మర్నాడో ఖాళీ చేసేది పగలు 12కి. ఎంచుకునేటప్పుడు మ్యాపులో ఒకటి చూసుకోండి: హైవే 1 ఆ పార్కు పక్కనుంచే పోతుంది. ఉత్తరం వైపు సైట్లకి అలల కంటే లారీల చప్పుడు దగ్గర.

ఇంకో సంగతి, ఫొటోల మీద ఆశ పెట్టుకున్నవాళ్ల కోసం. ఆ బీచ్ దక్షిణానికి తిరిగి ఉంటుంది. కాలిఫోర్నియా కదా, సూర్యుడు సముద్రంలో మునుగుతాడని కెమెరా పట్టుకుని నిలబడితే, ఆగస్టులో ఆయన కపిటోలా కొండల వెనక్కి జారుకుంటాడు. కాకినాడలో పుట్టి, సముద్రంలోంచి సూర్యుడు రావడం చూసిన నాకు ఇదో అన్యాయం.

చలి గురించి, నమ్మనివాళ్ల కోసం

సనీవేల్లో 90 డిగ్రీల ఎండలో కారెక్కుతారు. పిల్లలు నిక్కర్లలో ఉంటారు. కొండ దిగేసరికి పొగమంచు. ఇక్కడ ఎండాకాలం మంచుకి కారణం ఎండే. లోపలి లోయ వేడెక్కి గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి దూసుకొస్తుంది. ఆ తీరంలో అడుగున ఉన్న చన్నీళ్లు పైకి వస్తుంటాయి కాబట్టి గాలిలోని తేమ అక్కడికక్కడే మంచైపోతుంది. రాత్రికి 55 డిగ్రీలు ఫారెన్‌హీట్, ఒక్కోసారి ఇంకా కింద. బంగాళాఖాతం ఒడ్డున చెమటలు కార్చుకుంటూ పెరిగినవాళ్ల శరీరం దీన్ని ఒప్పుకోదు.

కాబట్టి: ఆగస్టులో వాన పడదు కదా అని టెంటు మీద రెయిన్‌ఫ్లై (పైన కప్పే వాన గుడ్డ) వదిలేయొద్దు. చెట్ల ఆకుల నుంచి మంచు బొట్లు బొట్లుగా రాత్రంతా రాలుతుంది. స్లీపింగ్ బ్యాగు కింద పరుపు లేకపోతే నేల ఒంట్లో వేడిని లాగేస్తుంది. పైన ఎన్ని రగ్గులు కప్పినా లాభం లేదు. మా అత్తయ్య కోసం మడత మంచం తీసుకెళ్తాం, దాని మీద కూడా ఒక ఫోమ్ షీటు, ఆ పైన ఇంటి బొంత. మంకీ క్యాప్ పెట్టుకుంటే ఎవరూ నవ్వరు, అక్కడ అందరివీ అవే వేషాలు. పడుకునే బట్టలు విడిగా, పొడిగా ఒక కవర్లో కట్టి ఉంచండి. పగలంతా తిరిగిన బట్టల్లో తేమ ఉంటుంది, వాటితో పడుకుంటే తెల్లవార్లూ వణుకే.

చెట్ల మధ్య బాటల్లో మూడేసి ఆకుల గుత్తులతో మెరిసే పొద కనిపిస్తే అది పాయిజన్ ఓక్. పిల్లలకి మొదటి రోజే చూపించండి.

కచేరీ బట్టలు

ఇది పెద్ద విషయం కాదని అనుకుంటారు గానీ, అవుతుంది. మంట దగ్గర అరగంట కూర్చున్న స్వెట్టరు నాలుగు వరసల దూరం దాకా వాసనేస్తుంది. హాల్లో కూర్చున్నాకే ఆ సంగతి తెలుస్తుంది, అప్పుడు చేసేదేం ఉండదు. కచేరీకి కట్టుకునేవి జిప్పున్న కవర్లో పెట్టి కారు డిక్కీలోనే ఉంచండి, టెంట్లోకి తేవద్దు. కచేరీ రోజు సాయంత్రం మంట వేయొద్దు, స్నానం చేసి నేరుగా బయల్దేరండి. స్నానాల గదుల దగ్గర సాయంత్రం లైను ఉంటుంది. మూడు, నాలుగింటికే ముగించుకుంటే నయం.

పట్టుచీర అక్కర్లేదు. శాంటా క్రూజ్‌లో జీన్స్‌తో వస్తారు, ఫ్లీస్ జాకెట్లతో వస్తారు. నేను మాత్రం నేత చీర కట్టి, లోపల థర్మల్స్ వేస్తాను.

ఎవరీ కబ్రియోవాళ్లు

1963లో ఆప్టాస్‌లోని కబ్రియో కాలేజీలో మొదలైంది కాబట్టి ఆ పేరు. ఆ కాలేజీ మన క్యాంపుకి రెండు మైళ్ల లోపే. అంటే మీరు టెంటు వేసింది ఇప్పటి హాలు కంటే పుట్టిన చోటికే దగ్గర. ఆప్టాస్‌లో 'స్టికీ వికెట్' అనే కాఫీ హోటల్లో జరిగిన చిన్న కచేరీల్లోంచి ఈ ఆలోచన పుట్టింది. మొదలుపెట్టినవాళ్లలో లూ హ్యారిసన్ ఒకరు. ఆయన ఆప్టాస్‌లోనే కాపురం ఉండేవారు. ఇండోనేషియా గామెలాన్ (లోహపు పలకలు, గంటల వాద్యబృందం) మీద మోజుతో, తన సహచరుడు విలియం కోల్విగ్‌తో కలిసి అల్యూమినియం పలకలు, రేకు డబ్బాలు, కోసేసిన ఆక్సిజన్ సిలిండర్లతో సొంతంగా ఒక వాద్యబృందాన్నే తయారుచేసుకున్న మనిషి. ఆ సిలిండర్లని బేస్‌బాల్ బ్యాట్లతో కొట్టేవారు. ఇలాంటివాళ్లు పెట్టిన ఉత్సవం బుద్ధిగా ఎలా ఉంటుంది?

మొదటి సంగీత దర్శకుడు గెర్హార్డ్ శామ్యూల్. తర్వాత కొంతకాలం మెక్సికో స్వరకర్త కార్లోస్ చావెజ్, ఆపై డెనిస్ రస్సెల్ డేవిస్. 1992 నుంచి 2016 దాకా పాతికేళ్లు మారిన్ ఆల్సప్ నడిపారు. పెద్ద ఆర్కెస్ట్రాల ముందు కండక్టర్‌గా, అంటే వాయించేవాళ్లందరినీ చేతులతో నడిపే మనిషిగా, ఆడవాళ్లు నిలబడటం అపురూపంగా ఉన్న రోజుల్లో ఆమె ఇక్కడ నిలబడ్డారు. 2017లో క్రిస్టియన్ మచెలారు వచ్చారు, రుమేనియాలో పుట్టినాయన, వయొలిన్ నేర్చుకుని తర్వాత కండక్టర్ అయ్యారు. వాయించేవాళ్లు దేశం నలుమూలల నుంచి, వేరే వేరే ఆర్కెస్ట్రాల నుంచి సెలవుల్లో వస్తారు. వాళ్లని ఊళ్లోవాళ్లు తమ ఇళ్లలో పెట్టుకుంటారు. త్యాగరాజ ఆరాధనకి వచ్చిన విద్వాంసుడికి వీధిలో ఎవరో ఒకరు భోజనం పెట్టినట్టే ఉంటుంది వ్యవహారం.

హాల్లో ఎక్కడ కూర్చోవాలి, ఏం వినాలి

హాలు పేరు శాంటా క్రూజ్ సివిక్ ఆడిటోరియం, చర్చ్ స్ట్రీట్‌లో, సిటీ హాలు పక్కన. మెత్తటి ఎర్ర కుర్చీలు, షాండిలియర్లు ఊహించుకోవద్దు. రోలర్ స్కేటింగ్ పోటీలు కూడా జరిగే పాత ఊరి హాలు అది. నేల చదును. మధ్యలో కుర్చీలు వేస్తారు, చుట్టూ మెట్ల వరసలు. అందుకని ముందు వరస టికెట్టు కొంటే కనిపించేది వయొలిన్లవాళ్ల బూట్లు, అంతే. కొత్త సంగీతంలో అసలు సందడంతా వెనకాల, తాళ వాద్యాల దగ్గర జరుగుతుంది. ఎత్తైన పక్క వరసల్లో కూర్చోండి. అక్కడి నుంచి గంటలు, డ్రమ్ములు, నీళ్లలో ముంచిన గాంగులు, వాటి మధ్య పరిగెత్తే మనుషులు, అన్నీ కనిపిస్తాయి.

రిహార్సల్‌కి పది నిమిషాల ముందే వెళ్లండి. వాద్యాలు విడివిడిగా గొణుక్కుంటుంటాయి. తర్వాత ఓబో అనే ఊదే వాద్యం ఒక స్వరం పట్టుకుంటుంది, అందరూ దానికి శ్రుతి కలుపుతారు. మన కచేరీలో తంబూరా చివరిదాకా వినపడుతూ ఉంటుంది. ఇక్కడ ఆ ఒక్క నిమిషమే, తర్వాత శ్రుతి ఎవరి తలలో వాళ్లు పెట్టుకోవాలి. కర్ణాటక చెవికి మొదట తగిలే ఖాళీ ఇదే. ఆధారషడ్జం కోసం వెతకడం మానేస్తే సగం బరువు దిగుతుంది.

రిహార్సల్లో రచనని మొదటి నుంచి చివరిదాకా వాయించరు. కండక్టర్ ఆపుతారు, "142వ బార్ నుంచి" అంటారు (బార్ అంటే మన తాళంలో ఒక ఆవర్తం లాంటి చిన్న ముక్క), నాలుగు బార్లు వాయిస్తారు, మళ్లీ ఆపుతారు. ఫ్లూట్లు లేకుండా ఒకసారి, కింది తీగలు మాత్రమే ఇంకోసారి. పక్కన కుర్చీలో, పెద్ద స్కోరు (అన్ని వాద్యాల స్వరాలూ రాసిన పుస్తకం) ఒళ్లో పెట్టుకుని ఎవరో కూర్చుంటారు. ఆ మనిషే స్వరకర్త కావడం ఇక్కడ మామూలు. వేదిక మీంచి కండక్టర్ అడుగుతారు, ఇది ఇంకా నెమ్మదిగానా, ఇంత గట్టిగానా అని. రాసిన మనిషి లేచి సమాధానం చెప్తారు. పాటలో కొత్త సంగతి వేయడానికి ముందు గురువుగారిని కళ్లతో అడిగిన శిష్యుల్ని చూశాం గానీ, రాసినాయన్ని వాయించేవాళ్లు నేరుగా అడగడం మనకెక్కడ దొరుకుతుంది?

నేను పాటించే పద్ధతి ఒకటి చెప్తాను. చిన్న నోటు పుస్తకం, పెన్సిలు. మొదటి రిహార్సల్లో ఏమీ అర్థం చేసుకోవాలని చూడను. ఎక్కడెక్కడ ఆపారో, ఆపి ఏం మార్చారో రాసుకుంటాను. కండక్టర్లు కష్టమైన చోట ఆపుతారు, కష్టమైన చోటే సాధారణంగా ఆ రచన ప్రాణం ఉంటుంది. రెండోసారి ఒక్క వాద్యాన్ని పట్టుకుంటాను, వయోలా గానీ బాసూన్ గానీ, మామూలుగా ఎవరూ పట్టించుకోనిది, చివరిదాకా దాన్నే వింటాను. కచేరీ రోజు పుస్తకం కార్లోనే.

తాళం తెలిసినవాళ్లకి ఇక్కడ ఒక చిన్న ఆధిక్యం ఉంది, వాడుకోండి. ఈ సంగీతంలో ఐదు, ఏడు లెక్కలు చాలా వస్తాయి. మిగతా శ్రోతలకి అవి కుంటినట్టు వినిపిస్తాయి. ఖండచాపు, మిశ్రచాపు వేసిన చేతికి అవి ఇంట్లో మనుషులు. కానీ మన పల్లవి మొత్తం ఒకే తాళంలో నడుస్తుంది, వీళ్లు బారుకో లెక్క మారుస్తారు: ఐదు, ఏడు, మూడు, మళ్లీ ఏడు. తొడ మీద వేలు వేస్తూ పట్టుకోవాలని చూడండి, సరదాగా ఉంటుంది. చప్పుడు మాత్రం రానివ్వద్దు. "శభాష్" లోపలే ఉంచుకోండి, చప్పట్లు కండక్టర్ చేతులు పూర్తిగా దించాకే. రచనకి రెండు మూడు భాగాలుంటే మధ్యలో కొట్టకూడదు. అనుమానం వస్తే పక్కవాళ్లు మొదలెట్టాక కలవండి.

మా అత్తయ్య కచేరీలు వింటూ పెరిగిన మనిషి. మొదటి రిహార్సల్లో పావుగంటకే నా చెవిలో, "ఇందాక ఇదే వాయించారు కదమ్మాయ్, మళ్లీ మొదలెట్టారేం? రాలేదా వీళ్లకి?" అన్నారు.

"వచ్చింది అత్తయ్యా, బాగా రావాలని."

"రాగం ఏదీ?"

"రాగం ఉండదండీ దీనికి."

"మరి దేని మీద నిలబడుతుంది?"

నా దగ్గర సమాధానం లేదు. మర్నాడు మధ్యాహ్నం రెండో రిహార్సల్లో ఆవిడే మోచేత్తో పొడిచి, "ఇప్పుడు గంటలొస్తాయి చూడు" అన్నారు. వచ్చాయి. ముందురోజు మూడుసార్లు ఆపిన చోటది. శనివారం కచేరీలో ఆ చోటు వచ్చినప్పుడు ఆవిడ కుర్చీలో ముందుకి జరిగారు. రాగం సంగతి మళ్లీ అడగలేదు. నచ్చిందా అంటే మాత్రం, "గంటలు బావున్నాయి, ఆ బాకాలవాళ్లు మరీ గోల" అని తేల్చారు. బాకాల గురించి నేను కూడా ఒప్పుకుంటాను. చిన్నపిల్లల్ని తీసుకెళ్తే ఫోమ్ ఇయర్‌ప్లగ్గులు తీసుకెళ్లండి, టెంట్లో పక్కవాళ్ల గురకకీ పనికొస్తాయి.

కుర్ర స్వరకర్తలు రాసినవాటిని ఆర్కెస్ట్రా వాయించి చూపే ఉచిత కార్యక్రమాలు కూడా ఉంటాయి. డబ్బు పెట్టే ముందు మీకు ఈ సంగీతం పడుతుందో లేదో తేల్చుకోవాలంటే రిహార్సల్‌తో పాటు వాటికీ వెళ్లండి. పడకపోతే సముద్రం ఎలాగూ ఉంది.

పదేళ్ల లోపు పిల్లలు మూడు గంటల రిహార్సల్‌కి కూర్చోరు, కూర్చోబెట్టకూడదు కూడా. ఇద్దరు పెద్దవాళ్లుంటే వంతులేసుకోండి. ఒకరు హాల్లో, ఇంకొకరు బోర్డువాక్ మీద. అక్కడ 1911 నాటి రంగుల రాట్నం ఉంది, దానికి 1894లో జర్మనీలో చేసిన గొట్టాల ఆర్గన్ ఉంది, రాట్నం తిరుగుతుంటే మోగుతుంది. పక్కనే 1924 నాటి జెయింట్ డిప్పర్ రోలర్ కోస్టర్. రేవు వంతెన కింద దూలాల మీద పడుకుని సీలయన్లు మొరుగుతుంటాయి. మా వాడు వాటిని ట్రాంబోన్లు అంటాడు.

తిండి

ఇక్కడ మనవాళ్లకి సలహా చెప్పడం సాహసం, అయినా చెప్తాను. రిహార్సళ్ల మధ్య క్యాంపుకి వచ్చి వంట మొదలెడితే రెండోదానికి చేరలేరు. మధ్యాహ్నం దాటితే శాంటా క్రూజ్, ఆప్టాస్ మధ్య హైవే 1 నత్తనడక నడుస్తుంది. ఐదు మైళ్లకి అరగంట పట్టినా ఆశ్చర్యం లేదు. సాయంత్రం రిహార్సల్ ఉన్న రోజు ఊళ్లోనే ఉండిపోండి, డబ్బాలు వెంట తీసుకెళ్లి ఎక్కడైనా పార్కులో కూర్చుని తినండి.

మొదటి రోజుకి చింతపండు పులిహోర. ఇంట్లో పొద్దున కలిపితే రాత్రికి ఇంకా రుచి. రెండో రోజు నుంచి అన్నం ఒక్కటే వండటం, కందిపొడి, ఆవకాయ, నెయ్యి, చిన్న సీసాలో. రవ్వ ఇంట్లోనే వేయించి, పోపు సామాను అందులోనే కలిపి తెస్తే ఉప్మా పది నిమిషాల పని. పెరుగు ఐస్‌బాక్సులో అడుగున. ఆ చలిలో కొత్తగా తోడు వేస్తే తోడుకోదు, ప్రయత్నించక్కర్లేదు.

రకూన్లు మాత్రం ఎవరి మాటా వినవు. క్యాంపులో ఇచ్చే ఇనప పెట్టెలో తిండి మొత్తం పెట్టి గడియ వేయాలి. మొత్తం అంటే టూత్‌పేస్టు కూడా. టెంట్లో బిస్కెట్ పొట్లం ఒక్కటి ఉన్నా అవి జిప్పు దాకా వస్తాయి. కట్టెలు ఇంటి నుంచి తేవద్దు, వాటితో పురుగులు ఒక అడవి నుంచి ఇంకో అడవికి చేరతాయి. క్యాంపులోనే కొనుక్కోండి.

కచేరీ అయ్యాక

స్టేట్ పార్కుల్లో రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా నిశ్శబ్దం. మీరు వచ్చేది సరిగ్గా ఆ వేళకే. చెక్-ఇన్ చేసేటప్పుడే రేంజర్‌ని అడగండి: "కచేరీకి వెళ్తున్నాం, పదిన్నర దాటి వస్తాం, గేటు సంగతేంటి?" అని. వెళ్లే ముందే పడకలు వేసేయండి, పడుకునే బట్టలు, టార్చి, నీళ్ల సీసా టెంటు గుమ్మం పక్కనే. వచ్చాక కారు తలుపులు ధడాల్న వేయొద్దు. రిమోట్‌తో తాళం వేస్తే కొన్ని కార్లు కూత పెడతాయి, తలుపు మీద బటన్ నొక్కి వేయండి. హెడ్‌లైట్లు పక్క టెంట్ల మీద పడకుండా కారు ముందే వెనక్కి తిప్పి పార్కు చేసే వీలుంటే ఇంకా మంచిది.

కచేరీ గురించి మాట్లాడుకోవాలనిపిస్తుంది. కార్లోనే, హాలు పార్కింగులోనే కూర్చుని మాట్లాడుకుని రండి. లేదా పొద్దున బీచ్‌లో. ఆరున్నరకి ఇసుక మీద మనుషులుండరు, పెలికన్లు వరస కట్టి నీళ్లకి రెండడుగుల ఎత్తున పోతుంటాయి. డాల్ఫిన్లు కనపడే రోజులూ ఉన్నాయి. తూర్పు వైపు చూస్తే సీక్లిఫ్ దగ్గర ఒడ్డున విరిగిపడి ఉన్నది సిమెంటు ఓడ, పాలో ఆల్టో. మొదటి ప్రపంచ యుద్ధం కోసం కాంక్రీటుతో కట్టారు, పూర్తయ్యేసరికి యుద్ధం అయిపోయింది. పిల్లల్ని నీళ్లలోకి దింపాలంటే వెట్‌సూట్ ఉండాలి. మన విశాఖ నీళ్లు కావు అవి, చీలమండల దాకా దిగితేనే ఎముక నొప్పెడుతుంది. సముద్రానికి వీపు పెట్టి ఫొటోలు దిగొద్దు, ఒక్కోసారి చెప్పాపెట్టకుండా పెద్ద అల వచ్చేస్తుంది.

ఇంటికి

ఆదివారం పన్నెండు లోపల సైటు ఖాళీ చేయాలి. తడిసిన టెంటు ఆరేదాకా ఆగలేరు కాబట్టి పెద్ద చెత్త కవర్లో కుక్కి, ఇంటికెళ్లాక బాల్కనీలో ఆరేయండి. వదిలేస్తే రెండు రోజుల్లో బూజు.

ఆదివారం మధ్యాహ్నం 17 మీద శాన్ హోసే వైపు వెళ్లడం అంటే బీచ్‌కి వచ్చిన లోకమంతటితో కలిసి కొండెక్కడం. దానికంటే హైవే 1 మీద దక్షిణంగా వాట్సన్‌విల్ వెళ్లి, 152 మీద హెకర్ పాస్ దాటి గిల్రాయ్‌లో 101 పట్టుకోండి. మైళ్లు ఎక్కువే, వంపులున్న దారే, కానీ కారు కదులుతూ ఉంటుంది. వాట్సన్‌విల్ చుట్టూ అన్నీ స్ట్రాబెర్రీ పొలాలు, దారి పక్కన బళ్ల మీద అమ్ముతారు. కొంటే ముందు సీటు కింద, ఏసీ తగిలే చోట పెట్టండి. వెనక తడి టెంటు పక్కన పెడితే గిల్రాయ్ దాటేలోపు మెత్తబడిపోతాయి.